యూనిఫారానికి కుదిరిన ఎరుపు – ఎలిజబెత్ ఆర్డెన్ జీవితం

ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు తెలియని సైనికుడు ఉండడు. మిలిటరీ హాస్పిటల్లో ఒక్కరోజు అడ్మిట్ అయినవాడికి కూడా ఆ పేరు తెలుసు. క్రిమియా యుద్ధంలో గాయపడిన సిపాయిలకు సేవ చేసిన ఆ మహాతల్లి పేరును తర్వాత రోజుల్లో ఎంతోమంది తమ ఆడపిల్లలకు పెట్టుకున్నారు. కెనడాలో ఒక పేద ఇంట్లో కూడా అలాగే పెట్టుకున్నారు. ఆ అమ్మాయి నర్సు కాబోయి కాలేదు. క్రీములు, పౌడర్లు, పెదాల రంగులు అమ్మి ఎలిజబెత్ ఆర్డెన్ అనే మరో పేరుతో ప్రపంచమంతా తెలిసింది. అయినా రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఆమె మళ్ళీ సైన్యం దగ్గరికే వచ్చింది. గాయాలకు కట్టు కట్టడానికి కాదు, యూనిఫారం తొడుక్కున్న ఆడవాళ్ళకు ఒక ఎరుపు రంగు అమ్మడానికి.

ఇలాంటి సంచికల్లో మనం మామూలుగా యుద్ధాల గురించి, వీరచక్రాల గురించి, పెద్ద పెద్ద జనరల్స్ గురించి రాసుకుంటాం. ఒక లిప్‌స్టిక్ వ్యాపారి కథ ఇక్కడెందుకని కొందరు అనుకోవచ్చు. కారణం ఉంది. ఇవాళ మన సైన్యంలో మహిళా ఆఫీసర్లు ఉన్నారు, మహిళా జవాన్లు ఉన్నారు. వాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది పని కంటే ముందు రూపం గురించి మాట్లాడతారు. ఈ అలవాటు ఎక్కడిది, పత్రికల్లో ప్రకటనలు దాన్ని ఎలా వాడుకున్నాయి, అందులో మంచి ఎంత, చెడు ఎంత అన్నది ఈమె జీవితం చదివితే బాగా తెలుస్తుంది.

బాల్యం, న్యూయార్క్ ప్రయాణం

ఫ్లోరెన్స్ నైటింగేల్ గ్రాహమ్ కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో టొరంటో దగ్గర ఉడ్‌బ్రిడ్జ్ అనే చోట పుట్టింది. డిసెంబరు 31న పుట్టిందని అందరూ ఒప్పుకుంటారు. ఏ సంవత్సరమో మాత్రం ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంటుంది. కొన్నిట్లో 1878, కొన్నిట్లో 1881, ఇంకొన్నిట్లో 1884. ఆమె జీవితాంతం తన వయసు దాచుకుంది. అందం అమ్మే మనిషికి వయసు చెప్పుకోవడం వ్యాపారానికి మంచిది కాదనుకుందేమో.

తల్లిదండ్రులు బ్రిటన్ నుంచి వలస వచ్చినవాళ్ళు. ఐదుగురు పిల్లలు. చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రికి వచ్చే సంపాదన అంతంత మాత్రం. ఇంట్లో లేమి ఎలా ఉంటుందో ఆ పిల్లకు బాగా తెలుసు. పెద్దయ్యాక టొరంటోలో నర్సింగ్ బడిలో చేరింది గాని ఆ పని ఆమెకు పడలేదు. మధ్యలోనే మానేసింది.

1908 ప్రాంతంలో న్యూయార్క్‌లో ఉన్న అన్న దగ్గరికి వెళ్ళింది. అక్కడ స్క్విబ్ అనే మందుల కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం దొరికింది. లెక్కల పుస్తకం కంటే ఆ కంపెనీ ప్రయోగశాల మీదే ఆమెకు ఆసక్తి ఎక్కువ. చర్మానికి ఏం పడుతుంది, ఏం పడదు అన్న విషయాలు అక్కడ తెలుసుకుంది. తర్వాత ఎలినార్ అడేర్ అనే ఆవిడ నడిపే సౌందర్యశాలలో చేరి, వచ్చిన ఆడవాళ్ళ ముఖానికి మర్దన చేసే పని నేర్చుకుంది. ఇప్పుడు మన ఊళ్ళల్లో బ్యూటీ పార్లర్‌లో పనిచేసే ఆడపిల్లలు చేసే పనే అది.

1909లో ఎలిజబెత్ హబ్బర్డ్ అనే మరో స్త్రీతో కలిసి ఫిఫ్త్ ఎవెన్యూలో సొంతంగా సెలూన్ పెట్టింది. ఏడాది తిరిగేసరికి వాటాదారులిద్దరికీ చెడింది. హబ్బర్డ్ వెళ్ళిపోయింది. బోర్డు మీద ఎలిజబెత్ అనే పేరు ఉండనే ఉంది. డబ్బు ఖర్చు పెట్టి దాన్ని చెరపడం ఎందుకని అలాగే ఉంచేసింది. ఆర్డెన్ అన్నది ఇంగ్లీషు కవి టెన్నిసన్ రాసిన ఈనోక్ ఆర్డెన్ కావ్యం నుంచి తీసుకుందని ఆమె జీవితచరిత్రల్లో కనిపిస్తుంది. ఆ కావ్యం కథ మన ఫౌజీలకు మనసు కలుక్కుమనిపిస్తుంది. ఓడ పగిలి ఏళ్ళ తరబడి ఎక్కడో చిక్కుపడిపోయిన నావికుడు ఇంటికి తిరిగి వచ్చేసరికి భార్య మరొకరిని పెళ్ళాడి ఉంటుంది. ఆ సంగతి పక్కన పెడితే, నైటింగేల్ పేరుతో పుట్టిన అమ్మాయి 1910 నుంచి ఎలిజబెత్ ఆర్డెన్ అయింది. సెలూన్ తలుపుకు ఎర్ర రంగు వేయించింది. ఆ ఎర్ర తలుపే తర్వాత ఆమె వ్యాపారానికి గుర్తు అయిపోయింది.

రంగుకు మర్యాద తెచ్చిన మనిషి

ఆ రోజుల్లో అమెరికాలో, యూరప్‌లో కూడా పెదాలకు రంగు వేసుకుంటే మంచి పేరు ఉండేది కాదు. నాటకాల్లో వేషాలు కట్టేవాళ్ళు, ఇంకా పేరు చెప్పకూడని ఇళ్ళలో ఉండేవాళ్ళు మాత్రమే అలా చేస్తారని పెద్ద కుటుంబాల్లో అనుకునేవారు. మన ఇళ్ళల్లో కూడా పెద్దవాళ్ళు స్నో, పౌడరు దాకా ఒప్పుకునేవారు గాని లిప్‌స్టిక్ అంటే ముఖం చిట్లించేవారు. అటువంటి కాలంలో ఆర్డెన్ చేసిన పని ఏమిటంటే, రంగును అలంకారంగా కాకుండా ఆరోగ్యంగా, శుభ్రతగా అమ్మడం.

1912లో ఫ్రాన్స్ వెళ్ళి అక్కడి పద్ధతులు చూసి వచ్చింది. స్వాన్సన్ అనే రసాయన శాస్త్రవేత్తను పట్టుకుని, అప్పటిదాకా ఉన్న జిడ్డు క్రీముల మాదిరిగా కాకుండా మెత్తగా, తేలిగ్గా ఉండే క్రీము చేయించింది. సెలూన్‌కి వచ్చిన వాళ్ళను కొనుగోలుదారుల్లా కాకుండా వైద్యం కోసం వచ్చిన వాళ్ళలా చూసేవారు. ఆమె పాత ప్రకటనల్లో ఒకటి చాలా పేరు పొందింది. అందులో ఒక స్త్రీ తలకు తెల్లటి గుడ్డ హాస్పిటల్ కట్టులాగా చుట్టి ఉంటుంది. నర్సింగ్ వదిలేసినా ఆ పద్ధతి మాత్రం ఆమెను వదల్లేదనిపిస్తుంది.

1915లో థామస్ లూయిస్ అనే బ్యాంకు ఉద్యోగిని పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళితో అమెరికా పౌరసత్వం వచ్చింది. 1922లో పారిస్‌లో సెలూన్ తెరిచింది. 1930లో ఎయిట్ అవర్ క్రీమ్ అనే లేపనం తెచ్చింది. అది ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతోంది. 1934లో భర్తతో విడాకులు అయ్యాయి. ఆ భర్తే తర్వాత ఆమె బద్ధ శత్రువు హెలెనా రూబిన్‌స్టీన్ దగ్గర ఉద్యోగంలో చేరాడు. అంతకుముందు రూబిన్‌స్టీన్ దగ్గర పనిచేసే మనుషుల్ని ఆర్డెన్ లాక్కుంది. ఇద్దరూ ఒకే ఊళ్ళో, ఒకే వ్యాపారంలో దశాబ్దాలు పోటీ పడ్డారు గాని ఒకరితో ఒకరు ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఆర్డెన్ మాట మెత్తన, చెయ్యి గట్టి. డబ్బా మీద రిబ్బను వంకరగా ఉన్నా ఊరుకునేది కాదు. సెలూన్‌లోకి ఆమె వస్తోందంటే మన దగ్గర సుబేదార్ మేజర్ సాబ్ బ్యారక్ ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నట్టే. ఉద్యోగాలు ఎంత సులువుగా ఇచ్చేదో అంత సులువుగా తీసేసేది. గులాబీ రంగు అంటే ప్రాణం. డబ్బాలు, గదులు, బట్టలు అన్నీ ఆ రంగే. కాని యుద్ధంలో ఆమె పేరు నిలబెట్టింది గులాబీ కాదు, ఎరుపు.

యుద్ధం, కొరత, పుకార్లు

1939లో యూరప్‌లో యుద్ధం మొదలైంది. సౌందర్య సామగ్రికి కావలసిన సరుకులే ఆయుధాలకు కూడా కావలసి వచ్చాయి. గ్లిజరిన్, ఆల్కహాల్, కొవ్వులు మందుగుండుకు పోయాయి. లిప్‌స్టిక్ గొట్టాలు చేసే ఇత్తడి తూటాల తొడుగులకు పోయింది. నైలాన్ పారాచూట్లకు పోయింది. బ్రిటన్‌లో 1940లోనే ఈ సామాను ఉత్పత్తిని బాగా తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది. అమెరికాలో 1942లో అలాంటి ఉత్తర్వే తెచ్చారు గాని కొన్ని నెలలకే వెనక్కి తీసుకున్నారు. ఫ్యాక్టరీల్లోకి, దళాల్లోకి ఆడవాళ్ళు లక్షల్లో కావలసిన సమయంలో వాళ్ళకు ఉన్న చిన్న సరదా కూడా తీసేస్తే మనోబలం దెబ్బ తింటుందన్న వాదన గెలిచింది. గొట్టాలు మాత్రం ఇత్తడి బదులు ప్లాస్టిక్‌తో, అట్టతో చేశారు. మేజోళ్ళు దొరక్క ఆడవాళ్ళు ఇబ్బంది పడుతుంటే ఆర్డెన్ కంపెనీ కాళ్ళకు పూసుకునే రంగు అమ్మింది. దూరం నుంచి చూస్తే మేజోళ్ళు తొడుక్కున్నట్టే కనబడేది.

1942 మే నెలలో అమెరికా సైన్యంలో మహిళా దళం ఏర్పడింది. అదే ఏడాది జూలైలో నౌకాదళంలో, 1943 ఫిబ్రవరి 13న మెరీన్ కోర్‌లో మహిళా రిజర్వు వచ్చాయి. టైపిస్టు, డ్రైవరు, వైర్‌లెస్, స్టోరు పనులు ఆడవాళ్ళు చూసుకుంటే ఆ కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ళను ఫ్రంట్‌కి పంపవచ్చు. లెక్క అంతే.

కాని 1943లో ఒక పెద్ద చిక్కు వచ్చింది. సైన్యంలో చేరిన ఆడవాళ్ళ నడవడి మంచిది కాదని దేశమంతా పుకార్లు లేచాయి. ఆఫీసర్ల కోసమే వాళ్ళను తీసుకున్నారని కొందరు, యూనిఫారం వేసుకున్న ఆడది మగరాయుడు అయిపోతుందని ఇంకొందరు. భర్తీ పడిపోయింది. ఇది శత్రువు పని అయి ఉంటుందని ప్రభుత్వం విచారణ చేయించింది. తీరా తేలిందేమిటంటే, ఆ మాటలు జర్మనీ నుంచి రాలేదు, జపాన్ నుంచి రాలేదు. ఎక్కువ భాగం మన భాషలో చెప్పాలంటే లంగరు దగ్గర, వెట్ క్యాంటీన్ దగ్గర పుట్టిన మాటలు. తోటి సిపాయిలే పుట్టించారు. మన సంచిక చదివే ప్రతి ఫౌజీ ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే చాలు, ఈ వ్యాసం రాసిన ప్రయోజనం నెరవేరినట్టే.

మాంటెజుమా రెడ్

సరిగ్గా ఈ పుకార్ల మధ్యలోకి ఆర్డెన్ అడుగు పెట్టింది. మెరీన్ మహిళల శీతాకాలపు యూనిఫారం ముదురు ఆకుపచ్చ. టోపీ చుట్టూ ఎర్రటి తాడు. చేతి మీద ర్యాంకు పట్టీలు ఎరుపు. మెడకు చుట్టుకునే మఫ్లరు ఎరుపు. వాళ్ళ నియమాల ప్రకారం లిప్‌స్టిక్, గోళ్ళ రంగు వేసుకోవచ్చు, అయితే అవి టోపీ తాడు ఎరుపుతో కలవాలి. వేరే రంగు పనికిరాదు. ఆర్డెన్ కంపెనీ సరిగ్గా ఆ తాడు రంగులోనే లిప్‌స్టిక్, దానికి జతగా బుగ్గల రంగు, గోళ్ళ రంగు తయారు చేసి మాంటెజుమా రెడ్ అని పేరు పెట్టింది. మెరీన్ కోర్ రెజిమెంటల్ పాటలో మాంటెజుమా మహళ్ళ ప్రస్తావన ఉంది. అది 1847లో మెక్సికో యుద్ధంలో చాపుల్టెపెక్ కోటను పట్టుకున్న సంగతికి గుర్తు. మన రెజిమెంట్లు బ్యాటిల్ ఆనర్‌ని ఎంత గౌరవంగా చెప్పుకుంటాయో మెరీన్లకు ఆ పేరు అలాంటిది. ఒక యుద్ధ గౌరవం పేరును పెదాల రంగుకు పెట్టడం మామూలు తెలివి కాదు.

పత్రికల్లో వచ్చిన ప్రకటనలో యూనిఫారంలో నిటారుగా ఉన్న ఒక మెరీన్ యువతి, టోపీ మీద ఎర్ర తాడు, అదే ఎరుపు పెదాల మీద. ఈ రంగుకు ప్రేరణ ఈ వీర వనితల టోపీ తాడు, మఫ్లరు, పట్టీల ఎరుపేనని కింద రాసి ఉంటుంది. మెరీన్ కోర్‌లో లేని మామూలు ఆడవాళ్ళు కూడా ఆ రంగు కొన్నారు. దుకాణంలో డబ్బు పెడితే యూనిఫారం రాదు గాని యూనిఫారం రంగు మాత్రం వస్తుంది కదా.

ఆర్డెన్ ఒక్కతే కాదు. లండన్‌లో సైక్లాక్స్ కంపెనీ దళాల్లో చేరిన ఆడవాళ్ళ కోసం ఆక్సిలరీ రెడ్ అనే రంగు తెచ్చింది. రూబిన్‌స్టీన్ రెజిమెంటల్ రెడ్ అమ్మింది. మన ఊళ్ళల్లో ఒకప్పుడు ఏ కంపెనీ గోళ్ళ రంగునైనా క్యూటెక్స్ అనే అనేవారు, ఆ క్యూటెక్స్ కంపెనీ ఆన్ డ్యూటీ, ఆఫ్ డ్యూటీ అనే పేర్లతో రంగులు పెట్టింది. టాంజీ అనే లిప్‌స్టిక్ కంపెనీ 1943లో మరో అడుగు ముందుకేసింది. లిప్‌స్టిక్ యుద్ధం గెలిపించదు గాని, ఆడది ఆడదానిలా అందంగా ఉండే హక్కు కోసం కూడా మనం పోరాడుతున్నామన్న అర్థం వచ్చేలా పేజీ నిండా రాసింది.

ఈ ప్రకటనలు పనిచేసిన విధానం చూస్తే నాలుగు విషయాలు కనిపిస్తాయి. మొదటిది, యూనిఫారంలో ఉన్న ఆడదాన్ని వింతగా కాకుండా నాయికగా బొమ్మలో చూపించాయి. రెండోది, చిన్నగా, త్వరగా, కిట్‌లో పట్టేలా సామాను ఇచ్చి, డ్యూటీ ఉన్న మనిషికి సమయం తక్కువని తాము గుర్తించినట్టు చెప్పాయి. మూడోది, అందంగా ఉండటం కూడా దేశసేవేనని, ఫ్రంట్‌లో ఉన్న మగవాడి ధైర్యం దానివల్ల పెరుగుతుందని చెప్పాయి. నాలుగోది, పైకి చెప్పకపోయినా అసలైనది. సైన్యంలో చేరితే మీ ఆడతనం పోదు, మీ పెళ్ళి ఆగదు, మీ పరువు పోదు అని తల్లిదండ్రులకు, ఆ అమ్మాయిలకు ధైర్యం చెప్పాయి. పుకార్లకు ప్రభుత్వం పత్రికా ప్రకటనలతో జవాబు చెబితే, ఈ కంపెనీలు బొమ్మలతో జవాబు చెప్పాయి. వాళ్ళ లాభం వాళ్ళు చూసుకున్నారనుకోండి.

టర్నౌట్ అంటే ఏమిటి

దీన్ని వట్టి వ్యాపారమని కొట్టిపారెయ్యడం ఫౌజీలకు తగదు. మనకి రిక్రూట్ ట్రైనింగ్ మొదటి వారంలో నేర్పేది ఏమిటి? బూటు పాలిష్, బెల్టు బకిల్‌కి బ్రాసో, గడ్డం, క్రాఫు. నలభై ఎనిమిది గంటలు నిద్ర లేకుండా ఎక్సర్‌సైజ్ చేసి వచ్చినా మర్నాడు ఫాలిన్‌లో నున్నగా గీసిన గడ్డంతో నిలబడాలి. తూటా పాలిష్ చూసి ఆగదు. అయినా ఎందుకు? తన ఒంటిని, తన సామానును శ్రద్ధగా చూసుకునేవాడు తన రైఫిల్‌ని కూడా చూసుకుంటాడు. ఎంత కష్టంలోనైనా మనిషి చెదిరిపోలేదని అది చెబుతుంది. మెరీన్ యువతి టోపీ తాడుకు సరిపోయే రంగు పెదాలకు వేసుకుని పరేడ్‌కి వస్తే అది కూడా టర్నౌటే. సైన్యం నియమం పెట్టింది, ఆమె నియమం పాటించింది.

ఆ అమ్మాయిలు చేసిన పని ఏమైనా తక్కువా అంటే కాదు. 1943 జూలై నుంచి నార్త్ కరోలినాలో క్యాంప్ లెజూన్‌లో వాళ్ళకు ట్రైనింగ్ జరిగింది. డైరెక్టరు మేజర్ రూత్ చీనీ స్ట్రీటర్, సొంతంగా విమానం నడపడం నేర్చుకున్న మనిషి. యుద్ధం ముగిసేనాటికి దాదాపు 18 వేల మంది ఉన్నారు. 200కు పైగా ట్రేడ్లలో పనిచేశారు. పారాచూట్లు మడత పెట్టారు, ఇంజిన్లు విప్పి బిగించారు, లారీలు నడిపారు, కంట్రోల్ టవర్లో కూర్చున్నారు. మిగతా దళాల ఆడవాళ్ళకు ముద్దు పేర్లు ఉండేవి. మెరీన్ కమాండెంట్ జనరల్ హోల్‌కోంబ్ మొదట్లో ఆడవాళ్ళను తీసుకోవడానికే ఇష్టపడలేదు. తీసుకున్నాక మాత్రం వాళ్ళకు ముద్దు పేర్లేమీ వద్దు, వాళ్ళు కూడా మెరీన్లేనని తేల్చేశాడు. వాళ్ళకు దక్కిన అసలు గౌరవం అది. ఏ ప్రకటనా ఇవ్వలేనిది.

నాణేనికి రెండో వైపు

ఇక చెడు కూడా చెప్పుకోవాలి. ఆ బొమ్మల్లో అమ్మాయి చేతికి గ్రీజు అంటదు, ముఖం మీద చెమట ఉండదు. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చినా జుట్టు చెదరదు. మగ సిపాయికి డ్యూటీ ఒక్కటే. ఆమెకు డ్యూటీ చెయ్యడం ఒక పని, అందంగా కనబడటం రెండో పని. మగవాడు మాసిపోయి కనబడితే బాగా కష్టపడ్డాడంటారు. ఆడది మాసిపోయి కనబడితే సైన్యంలో చేరి పాడైపోయిందంటారు. ప్రకటనలు ఈ భయాన్ని పోగొడుతున్నట్టు కనిపిస్తూనే దాని మీదే సరుకు అమ్మాయి.

ఇంకొకటి. ఆ బొమ్మల్లో ఉన్న ముఖాలన్నీ తెల్లవే. యుద్ధకాలంలో మెరీన్ మహిళా రిజర్వులో నల్లజాతి ఆడవాళ్ళకు చోటు లేదు. 1949లో గాని మొదటి ఇద్దరినీ తీసుకోలేదు. వీరత్వం రంగు అంటూ అమ్మిన ఎరుపు అందరి పెదాలకూ కాదన్నమాట.

మూడోది, యుద్ధం అయిపోగానే ప్రకటనల మాట మారింది. 1945, 46లో వేల మందిని ఇంటికి పంపేశారు. అదే పత్రికల్లో అవే కంపెనీలు ఇప్పుడు యూనిఫారం బదులు గౌను తొడిగి, వంటింట్లో నవ్వుతున్న గృహిణిని చూపించడం మొదలుపెట్టాయి. కాని 1948 జూన్‌లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి సైన్యంలో, నౌకాదళంలో, మెరీన్లలో, వైమానిక దళంలో ఆడవాళ్ళకు శాశ్వత స్థానం ఇచ్చింది. యుద్ధంలో వాళ్ళు చేసిన పని కళ్ళారా చూసిన పెద్ద ఆఫీసర్లే వాళ్ళ తరఫున సాక్ష్యం చెప్పారు. లిప్‌స్టిక్ రంగు కాలంతో వెలిసింది, సర్వీసు రికార్డు వెలవలేదు.

మన దేశం సంగతి

ఆ యుద్ధంలో మన దేశంలో కూడా 1942లో ఉమెన్స్ ఆక్సిలరీ కోర్ ఏర్పడింది. పదివేల పైచిలుకు మంది చేరారు. మన ఆడవాళ్ళు, ఆంగ్లో ఇండియన్లు, ఇంగ్లీషువాళ్ళు కలిసి టైపు, సైఫర్, టెలిఫోను, డ్రైవింగ్ పనులు చేశారు. మనవాళ్ళకు చీరే యూనిఫారంగా ఉండేది. నౌకాదళ శాఖకు చెందిన కళ్యాణీ సేన్ 1945లో చీర యూనిఫారంలోనే బ్రిటన్ నౌకాస్థావరాలు చూసి వచ్చారు. మరోవైపు అదే 1943లో సింగపూర్‌లో డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్ నాయకత్వంలో ఝాన్సీ రాణి రెజిమెంటు తుపాకులు పట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆక్సిలరీ కోర్‌ను రద్దు చేశారు. మిలిటరీ నర్సింగ్ సర్వీసు, డాక్టర్లు తప్ప మిగతా శాఖల్లోకి మహిళా ఆఫీసర్లు రావడానికి 1992 దాకా ఆగాల్సి వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు తీర్పుతో పర్మనెంట్ కమిషన్ దారి తెరుచుకుంది. 2021 మేలో బెంగళూరులో 83 మంది మహిళలు మిలిటరీ పోలీసు జవాన్లుగా పాసౌట్ అయ్యారు. 2022లో ఎన్డీఏలో అమ్మాయిలు అడుగుపెట్టారు. ఇవన్నీ ఏ కంపెనీ బొమ్మ వల్లా రాలేదు.

చివరి రోజులు

యుద్ధం మధ్యలో, 1942లో, ఆర్డెన్ ఒక రష్యన్ రాకుమారుణ్ణి పెళ్ళి చేసుకుంది. రెండేళ్ళకే అది కూడా విడిపోయింది. పిల్లలు లేరు. ఆమె ప్రేమంతా గుర్రాల మీద. మన రిమౌంట్ వెటర్నరీ కోర్ మిత్రులకు ఇది నచ్చుతుంది. తన సొంత ఎయిట్ అవర్ క్రీముతోనే రేసు గుర్రాల కాళ్ళకు మర్దన చేయించేది. 1946 మే నెలలో టైమ్ పత్రిక ఆమె బొమ్మను ముఖచిత్రంగా వేసింది. అదే నెలలో షికాగో దగ్గర గుర్రపుశాల అంటుకుని ఆమె గుర్రాలు చాలా చచ్చిపోయాయి. ఆ సమయానికి అక్కడ లేక బతికిపోయిన జెట్ పైలట్ అనే గుర్రం 1947లో కెంటకీ డెర్బీ గెలిచింది. 1962లో ఫ్రాన్స్ ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చి సత్కరించింది.

1965లో రూబిన్‌స్టీన్ పోయింది. ఏడాదిన్నర తర్వాత, 1966 అక్టోబరు 18న న్యూయార్క్‌లో ఆర్డెన్ కన్నుమూసింది. చనిపోయే దాకా కంపెనీని తన చేతిలోనే ఉంచుకుంది. తర్వాత కొన్నేళ్ళకు అది ఇతరుల చేతుల్లోకి పోయింది. ఆమెను స్లీపీ హాలో శ్మశానంలో పాతిపెట్టారు. సమాధి మీద ఆర్డెన్ అని లేదు, ఎలిజబెత్ ఎన్. గ్రాహమ్ అని ఉంది. మధ్యలో ఆ ఒక్క అక్షరం నైటింగేల్‌ది.

ఆమె గొప్ప దేశభక్తురాలని చెప్పడానికి ఈ వ్యాసం రాయలేదు. ఆమె వ్యాపారి, గెలిచిన వ్యాపారి. అయితే ఒక్క విషయంలో ఆమె లెక్క సరైనది. తన దగ్గర ఉన్న రంగును మెరీన్ అమ్మాయికి అంటగట్టలేదు, వాళ్ళ టోపీ తాడు చూసి దానికి సరిపోయేలా తన రంగు మార్చుకుంది. కొలత యూనిఫారానిది, సరిపోవాల్సింది సరుకు. ఇవాళ మన యూనిట్లలో, మన ఇళ్ళల్లో యూనిఫారం తొడుక్కున్న ఆడపిల్లలను చూసేటప్పుడు మనం కూడా ముందు భుజం మీద ర్యాంకు చూద్దాం, ఛాతీ మీద మెడల్ చూద్దాం. ముఖం సంగతి వాళ్ళ ఇష్టం. లంగరు దగ్గర ఎవడైనా చెడ్డ మాట మొదలుపెడితే అక్కడే ఆపుదాం. పెద్దవాళ్ళం, పెన్షన్ తీసుకునేవాళ్ళం, ఆ మాత్రం డ్యూటీ మనకింకా మిగిలే ఉంది.

జై హింద్.